తల్లికి తెలియని నాలుగు వారములు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గంపల పేరు ధరించిన ఈ గ్రామమున కోడిగంప నెరుగనివారు ఉండరు. పెట్ట పొదుగునకు కూర్చున్న నాలుగైదు దినములకు ఇల్లాలు గ్రుడ్డును దీపమున కెదురుగ పట్టి చూచును. లోపల సాలెగూడువలె ఎర్రని నరములు కానవచ్చినచో, ఇది పిల్ల యగునని మరల గంపలో పెట్టును. కానరాకున్నచో పక్కకు తీసివేయును. ఆమె పరీక్ష సరియైనదే. కాని ఆమె దీపము పట్టుసరికే లోపలి ముఖ్యకార్యము చాలవరకు నడచిపోయి యుండును. గ్రుడ్డు పెట్ట కడుపునుండి వెలువడునప్పటికే దానిలోని పిండమునందు వేలకొలది జీవకణము లుండును. పొదుగు వేడి తగిలిన రెండవ దినముననే గుండె కొట్టుకొన నారంభించును. తల యెటు, తోక యెటు, వెన్ను యెటు అను నిర్ణయము లన్నియు దీపపు పరీక్షకు ముందే జరిగిపోవును.

మానవ శిశువు సంగతియు ఇట్టిదే. ఇల్లాలు నెల తప్పినదని గ్రహించి, పది దినములు సందేహించి, అత్తగారితో చెప్పి, ఆరోగ్యకేంద్రమునకు పోయి పేరు వ్రాయించుకొని, మాత్రలు తెచ్చుకొనుసరికి శిశువు మెదడు, వెన్నుపాము కానున్న గొట్టము మూసికొనియో, మూసికొనకయో యుండును. గర్భము నిలిచిన 28వ దినమునాటికి ఆ పని ముగియును. అనగా నెల తప్పిన తరువాత మిగులు గడువు ఇంచుమించు రెండు వారములు మాత్రమే. ఈ నాలుగు వారములలో గర్భమున ఏమి జరుగునో, దానితో ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషికి గల సంబంధమేమో ఈ ప్రసంగమున వివరింపబడును.

శరీరమంతయు జీవకణములచే నిర్మితమని పాఠశాల పిల్లలును ఎరుగుదురు. ప్రతి కణమునకు ఒక పొర కలదు. మిల్లీమీటరును లక్ష భాగములు చేసినచో అందొక భాగమంత మందము కూడ దానికి లేదు. అది రెండు వరుసల క్రొవ్వు అణువులతో ఏర్పడినది. నూనెకును నీటికిని పొత్తు లేదు గదా. అందుచే నీటిలో కరిగిన ఉప్పుగాని, చక్కెరగాని, పెక్కు విటమినులుగాని ఈ పొరను తమంత తాము దాటజాలవు. దాటవలెనన్నచో పొరలో అక్కడక్కడ పొదిగియున్న మాంసకృత్తులే దారి చూపవలెను. అందు కొన్ని వాకిళ్లవంటివి. తగిన వస్తువు వచ్చినప్పుడు తెరచుకొనును. కొన్ని మోటలవంటివి, పల్లమునుండి మెరకకు నీరు తోడినట్లు, తక్కువ ఉన్నచోటినుండి ఎక్కువ ఉన్నచోటికి వస్తువును తోడిపోయును. మోటకు ఎడ్లు కావలెను. ఈ మోటలకును శక్తి కావలెను. మరికొన్ని చెవులవంటివి. ఇవి వస్తువును లోనికి రానీయవు, వర్తమానమును మాత్రము అందజేయును. కణమునకు కన్నులు లేవు. ఇరుగుపొరుగు కణము లేమి చేయుచున్నవో, తానేమి కావలెనో ఈ చెవుల మూలముననే అది తెలిసికొనును.

తల్లి అండము మిల్లీమీటరులో పదవ వంతు వెడల్పు కలది. మంచి చూపుగలవారికి చుక్కవలె కనబడవచ్చును. శుక్రకణము దానితో కలిసినంతనే ఒక మాంసకృత్తును లోనికి విడుచును. అండములోని అరలలో బంధింపబడియున్న కాల్షియము ఒక్కమారుగ వెలువడి అలవలె వ్యాపించును. తాంబూలపు సున్నములో నున్నదియు ఈ కాల్షియమే. ఎముకల గట్టితనమునకే యనుకొను ఈ వస్తువు ఇచట వార్తాహరుడైనది. 1977-78 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞులు కాల్షియము తగిలినంతనే వెలుగునిచ్చు ఒక పదార్థమును జెల్లీచేపనుండి తీసి, మెడాకా యను చిన్న చేప అండములో నుంచి, ఆ అలను వెలుగు రూపమున చూడగలిగిరి. మానవాండమున ఈ అల ఒకసారితో ఆగదు. కొన్ని నిమిషముల కొకమారు చొప్పున గంటల తరబడి వచ్చుచునే యుండును. దానితో అండము చుట్టునున్న కవచము మారి రెండవ శుక్రకణమునకు తావీయదు. అంతవరకు నిద్రించుచున్న విభజన కార్యము మేల్కొనును.

ఒకటి రెండగును, రెండు నాలుగగును. మూడవ దినమునకు ఎనిమిది కణముల గుత్తి యగును. పిదప కణములు ఒకదాని నొకటి గట్టిగ పెనవేసికొని ముద్దయగును. అయిదవ దినమున ఆ ముద్ద లోపల నీరు చేరి బుడగ యగును. ఆ నీరెట్లు చేరినదో కొంచెము నిలిచి చూడదగినది.

ఆవకాయకు మామిడిముక్కలు తరిగి ఉప్పు చల్లినచో తెల్లవారుసరికి జాడీలో నీరూరును. ఉప్పు ఎక్కువ యున్న చోటికి నీరు పోవుట ప్రకృతిధర్మము. పిండము ఈ ధర్మమునే వాడుకొనును. వెలుపలి వరుస కణముల పొరలలో, లోపలి ముఖమువైపున, సోడియము మోటలు వరుసగ అమరియుండును. ప్రతి మోటయు ఒక్కొక్క తోడుపునకు మూడు సోడియము కణికలను కణమునుండి వెలికి నెట్టి, రెండు పొటాసియము కణికలను లోనికి తెచ్చును. అట్లు నెట్టబడిన సోడియము ముద్ద నడుమనున్న సందులలో చేరును. దాని వెంట నీరు పోవును. సందులు కలిసి ఒక్క కుహరమగును. ఈ మోటను 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీత నరములపై పరిశోధించి కనుగొనెను. 1997లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. గన్నేరాకు మేసిన పశువు చచ్చుటకు కారణమును ఇందే కలదు. ఆ విషము గుండె కణములలోని ఈ మోటను ఆపివేయును. ఆ కోవకే చెందిన ఊబేయిన్ అను విషమును ప్రయోగశాలలో ఎలుక పిండములపై ప్రయోగింపగా బుడగ ఏర్పడుట కుంటువడినది.

గర్భోపనిషత్తు ఏడు రాత్రుల పిండమును బుడగగా పేర్కొన్నదని పండితులు జ్ఞాపకము చేయుదురు. పోలిక ముచ్చటైనదే. అంతమాత్రమున సోడియము మోట మన పూర్వులకు తెలిసియుండెనని వాదించుట ఉపనిషత్తునకును గౌరవము కాదు, శాస్త్రమునకును కాదు.

ఈ మోటను త్రిప్పు ఎడ్లజత పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. ఏ.టి.పి. యని పొడి అక్షరములతో వ్యవహరింతురు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ దీనిని కనుగొనెను. అదే సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేయు, ఆయనతో పనిచేయుచున్న యల్లాప్రగడ సుబ్బారావును దీనిని వేరుగ కనుగొనిరి. సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన తెలుగువాడు. ఆయన పేరు ఈ కథలో మరల వచ్చును.

బుడగ ఏర్పడునప్పుడే తొలి నిర్ణయము జరుగును. ఒక ముఖము వెలుపలికి కలిగిన కణములు మావిగ మారును. అన్నివైపుల తోటికణములే కల లోపలివి శిశువగును. తాము వెలుపల నున్నవో, లోపల నున్నవో కణములు తెలిసికొను సంకేతమునకు శాస్త్రజ్ఞులు హిప్పో అని పేరిడిరి, అనగా నీటియేనుగు. ఆ సంకేతము లోపించిన ఈగల శరీరభాగములు అతిగ ఉబ్బి పెరిగినందున ఆ పేరు వచ్చినది. శాస్త్రజ్ఞుల పరిహాసము ఇట్లే యుండును. వెన్నుపాము నిర్మాణమున ముఖ్యమైన మరొక సంకేతమునకు వీడియో ఆటలోని పాత్ర పేరైన సోనిక్ హెడ్జ్‌హాగ్ అని పెట్టిరి.

గర్భాశయపు గోడకు అంటుకొనగనే వెలుపలి కణములు తల్లి రక్తములోనికి హెచ్.సి.జి. అను సంకేతమును పంపును. ఈ నెల బహిష్టు రానీయవద్దని దాని భావము. మందుల దుకాణమున దొరకు పరీక్షపట్టీపై రెండవ గీత తెచ్చునది ఈ వస్తువే. అభిమన్యుడు తల్లి గర్భమున నుండి పద్మవ్యూహపు కథ వినెనని అందరెరిగినదే. చెవులు ఏర్పడుటకు ఎన్నో వారముల ముందే పిండములోని కణములు వినుచును, పలుకుచును ఉన్నవి.

ఆ పలుకుల శక్తిని లోకమునకు చూపినది హిల్డె మాంగోల్డ్ అను జర్మను యువతి. ఆమె తన గురువైన హాన్స్ స్పెమాన్ వద్ద నీటిబల్లి పిండములపై పనిచేసెను. ఒక పిండమునుండి, వెన్ను కానున్న చోట, చిన్న ముక్క తీసి, వేరొక పిండమున పొట్ట కానున్న చోట అతికెను. పొట్టవైపున రెండవ వెన్ను, రెండవ నాడీగొట్టము పుట్టుకొనివచ్చెను. రెండు పిండములు వేర్వేరు రంగులవి యగుటచే ఎవరి కణము లేవియో గుర్తింప వీలయ్యెను. క్రొత్త నాడీగొట్టమును కట్టినవి చాలవరకు ఇంటివారి కణములే. వచ్చిన అతిథి చేసినది పిలుపు మాత్రమే. ఈ పరిశోధన 1924లో ప్రకటింపబడెను. ఆ యేడే ఆమె ఇంటిలో జరిగిన అగ్నిప్రమాదమున, పాతికేండ్ల వయస్సున మరణించెను. స్పెమాన్‌కు 1935లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆమె బ్రతికియుండినచో ఏమగునో చెప్పజాలము.

ఆ పిలుపు ఏ పదార్థమో తెలియుటకు మరి డెబ్బది యేండ్లు పట్టినది. పిండపు పైపొరకు "చర్మము కమ్ము" అను సంకేతము అన్నివైపుల వినబడుచుండును. మాంగోల్డ్ అతికిన ముక్కవంటి కణములు ఆ సంకేతమును అడ్డగించు పదార్థములను విడుచును. అడ్డుపడిన మేర చర్మము కాక నాడీఫలకమగును. మూడవ వారమున ఈ ఫలకము పరచిన చాపవలె ఉండును. పిదప దాని రెండంచులు పైకిలేచి, దగ్గరై, నడుమ కలిసికొని గొట్టమగును. 22వ దినమున మెడ ప్రాంతమున కలయిక మొదలగును. తలవైపు కొస 25వ దినమునకును, తోకవైపు కొస 28వ దినమునకును మూసికొనును.

తలవైపు మూసికొననిచో మెదడు, కపాలము ఏర్పడవు. అట్టి శిశువు పుట్టినను బ్రతుకదు. క్రిందివైపు మూసికొననిచో వెన్నుపూస చీలియుండి, తిత్తివలె ఉబ్బు ఏర్పడును. కాళ్లు చచ్చుపడుట, మూత్రము అదుపు తప్పుట, తలలో నీరు చేరుట పెక్కు శిశువులయందు కలుగును. ఇట్టి బిడ్డ పుట్టిన ఇంట ఏమి జరుగునో గ్రామీణులకు చెప్పనక్కరలేదు. గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదనియు, సంధ్యవేళ చింతచెట్టు క్రిందుగ పోయినదనియు కోడలిపై నేరము మోపుదురు. ఆమె ఆ గ్రహణమునాటికి ఏ నెలలో నుండెనో లెక్కించువారు లేరు. గ్రహణము అయిదవ నెలలో వచ్చియుండవచ్చును. గొట్టము మూసికొనవలసినది మొదటి నెలలో.

మూసికొనకపోవుటకు కారణము లనేకములు. వంశపారంపర్యము కొంత, మధుమేహము కొంత, మూర్ఛకు వాడు వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు కొంత. అన్నిటిలోను మానవ ప్రయత్నమునకు లొంగునది ఒక విటమిను కొరత. ఆ అంచులు లేచి కలియుటకు కణములు అతివేగముగ పెరుగవలెను; ప్రతి విభజనకు వంశసూత్రపు పదార్థమును క్రొత్తగ తయారు చేసికొనవలెను; అందులకు ఫోలేటు అను విటమిను కావలెను.

దీని చరిత్ర భారతదేశముతో ముడిపడినది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించెను. కొంతకాలము కూనూరులోని ప్రయోగశాలయందును పనిచేసెను. ఆ రక్తహీనత ఈస్టు సారముతో నయమగునని 1931లో ప్రకటించెను. కూనూరులోని ఆ పోషకాహార పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థయైనది. ఈస్టులోని ఆ గుణకర పదార్థము ఆకుకూరలలో మెండుగ నున్నదని తేలినది. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని తీసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని వ్యవహరించిరి. టన్నులకొలది ఆకునుండి చిటికెడు వచ్చు వస్తువు ఊరూర పంచుట కెట్లు వీలగును?

ఆ వీలు కల్పించినది సుబ్బారావు నడిపిన బృందము. 1922లో అమెరికా చేరిన ఆయన, ఇంటివద్ద సోదర వియోగమును కలిగించిన సంగ్రహణి వ్యాధిని మరువలేదు. హార్వర్డు విడిచి లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అచట పరిశోధనల అధిపతి యయ్యెను. 1945లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. అది సంగ్రహణికి మందైనది. గర్భిణుల రక్తహీనతకు మందైనది. శిశువు వెన్నును గూర్చి అప్పటికి ఎవరికిని తెలియదు. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, స్వదేశమును మరల చూడకయే మరణించెను.

అదే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమునకు మారువేషమువంటి ఎమినోప్టెరిన్ తయారైనది. తాళములో దూరి తిరుగని దొంగతాళపుచెవి వంటిది. కణవిభజనను ఆపును గనుక 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తక్యాన్సరునకు దానిని వాడి, తాత్కాలికముగనైనను వ్యాధిని తగ్గింపగలిగెను. ఆ మందే గర్భిణులకు ఇచ్చినచో పిండము నశించుటయు, నశింపక పుట్టిన శిశువులలో కొందరికి తల, ముఖము వికృతమగుటయు 1950 దశకమున వైద్యులు గమనించిరి. పిండమునకు ఫోలేటు ఎంత అవసరమో ఈ విధముగ తలక్రిందుగ తెలిసినది.

ఇచట మరల పొర సంగతి వచ్చును. తల్లి తిన్న ఫోలేటు శిశువును చేరుటకు ప్రేగు గోడ, రక్తము, ఏర్పడుచున్న మావి, పిండకణముల పొర దాటవలెను. ఫోలేటు నీటిపక్షమునకు చెందినది. క్రొవ్వుపొర దానిని రానీయదు. ప్రేగులో దానికి ప్రత్యేకమైన వాకిలి కలదు. 2006లో గాని అది గుర్తింపబడలేదు. పిండకణములపై దానిని పట్టుకొను చేతివంటి మాంసకృత్తు వేరొకటి కలదు. అది ఫోలేటును పట్టగనే పొర లోపలికి సొట్టపడి, చిన్న సంచియై, సరకుతో సహ లోనికి పోవును. 1999లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ చేయి లేని ఎలుకలను పుట్టింపజూచిరి. పిండముల నాడీగొట్టము మూసికొనలేదు. అవి గర్భముననే నశించెను. వేరొక దారిన లోనికి పోగల ఫోలేటును తల్లి ఎలుకకు మెండుగ నిచ్చినచో పిల్లలు పుట్టెను. వాకిలి ఇరుకైనచో సరకు ఎక్కువ తెచ్చి గడప ముందు పోయవలెనని దీని తాత్పర్యము. తల్లి ఆహారములో లోటు లేకున్నను మాత్ర అవసరమగుటకు ఇదియొక కారణము.

ఎలుకల సంగతి అట్లుండ, మానవుల విషయమున నిదర్శనము అంతకు ముందే దొరకినది. ఒకమారు ఇట్టి శిశువును కనిన తల్లులు 1,817 మందిని 7 దేశములలోని 33 కేంద్రములలో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి పరీక్షించెను. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నవారిలో ఈ లోపము 72 శాతము తగ్గెను. ఫలితము స్పష్టమగుటచే, మిగిలినవారికి మాత్ర ఈయకుండుట న్యాయము కాదని పరీక్షను మధ్యలోనే ఆపి 1991లో ప్రకటించిరి. మరుసటి సంవత్సరమున హంగరీలో, ఇట్టి బిడ్డను మునుపు కనని నాలుగు వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన పరీక్షలో ఫోలిక్ ఆమ్లము కలిసిన విటమినులు వాడినవారిలో ఒక్క శిశువునకును ఈ లోపము రాలేదు. వాడనివారిలో ఆరుగురికి వచ్చెను. 72 శాతమనగా నూరు శాతము కాదు. మాత్ర వాడినను లోపము రావచ్చును. అట్టి తల్లిపై వేరొక నేరము మోపుటకు ఈ లెక్కలను ఎవరును వాడరాదు.

ఇక ఇంటి సంగతి. తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, శనగలు, కందులు ఫోలేటు గలవే. కాని అది నీట కరిగిపోవునది, వేడికి చెడునది. కూర ఉడికించి నీరు వార్చినచో చాలభాగము కాలువ పాలగును. 2021 తరువాత చౌకధరల దుకాణపు బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలిపిన గింజలను చేర్చినప్పుడు, అవి నీటిపై తేలుట చూచి ప్లాస్టికు బియ్యమని ఏరి పారవేసినవారు పెక్కు గ్రామములలో కలరు. చెప్పకుండ కలిపినచో అనుమానింపక ఏమి చేయుదురు? అనుమానించిన ఇల్లాండ్రను నవ్వుటకంటె ముందుగ గ్రామమున చాటింపు వేయించి యుండవలసినది.

ఆహారము మంచిదే, చాలదు. గర్భము కోరు స్త్రీ ప్రతిదినము 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్రను, గర్భము నిలుచుటకు కనీసము ఒక నెల ముందునుండి మూడవ నెల నిండువరకు తీసికొనవలెనని వైద్యుల సలహా. భారత ప్రభుత్వపు రక్తహీనతా నివారణ నియమములలోను ఈ సలహా కలదు. పాఠశాల బాలికలకు వారమున కొకమారు ఇచ్చు నీలిరంగు మాత్ర ఇనుముతో కూడినది, రక్తహీనతకు ఉద్దేశింపబడినది. దానినిబట్టి దినసరి మాత్ర అక్కరలేదనుకొనరాదు. చిక్కంతయు కాలము వద్దనే యున్నది. మాత్ర కొరకు స్త్రీ ఆరోగ్యకేంద్రమునకు పోవునది గర్భవతి నని తెలిసిన పిదపనే. పెండ్లి శుభలేఖలు పంచు నాడే ఈ మాట చెప్పువారు ఇంటనుండవలెను. చెప్పుటకు బిడియపడు అత్తగారు ఈ ప్రసంగ పాఠమున్న పుటను మడిచి కోడలి చేతికిచ్చినను చాలును.

మునుపు ఇట్టి శిశువును కనిన తల్లికి 400 మైక్రోగ్రాములు చాలవు. ఆమెకు 5 మిల్లీగ్రాముల మాత్రను వైద్యుడు వ్రాయవలసి యుండును. మధుమేహము గలవారును, మూర్ఛకు మందు వాడువారును గర్భమునకు ముందే వైద్యుని కలియవలెను; మూర్ఛ మందును తమంత తాము మానరాదు. శాకాహారులకు బి12 తక్కువగ నుండవచ్చును గనుక ఆ పరీక్షయు అప్పుడే చేయించుకొనుట మేలు.